పని తెలిసిన మనిషి వెళ్ళిపోయేలోగా పనిని నిలుపుకోవడం ఎలా

బెంగళూరు పీణ్య ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక చిన్న విడిభాగాల యూనిట్‌లో నేను క్వాలిటీ పని చూస్తున్న రోజుల్లో, సిలిండ్రికల్ గ్రైండర్ (గుండ్రటి ఇరుసులను, అంటే షాఫ్టులను, సానపట్టి కచ్చితమైన సైజుకు తెచ్చే మెషిన్) మీద ఇరవయ్యేళ్ళకు పైగా చేయి తిరిగిన పెద్దాయన ఒకరు రిటైరయ్యారు. హిందూపురం వైపు మనిషి. ఆయన వెళ్ళే ముందు వారం రోజులు కూర్చోబెట్టి, తెలిసిందంతా రాయమని చెప్పి, పద్నాలుగు పేజీలు రాయించి ఫైల్లో పెట్టుకున్నాం. శాలువా కప్పి, ఫొటో దిగి పంపించాం. డిసెంబరు రాగానే ఉదయం షిఫ్టులో మొదటి గంటన్నరలో తీసిన షాఫ్టులు సైజు తప్పడం మొదలైంది. మెషిన్‌ను అనుమానించాం, సానపట్టే వీల్‌ను అనుమానించాం, కొత్తగా వచ్చిన కుర్రాణ్ణి ఇంకా ఎక్కువ అనుమానించాం. మూడు వారాలు రిజెక్షన్ పోగయ్యాక పెద్దాయనకు ఫోన్ చేస్తే, "పొద్దున్నే స్పిండిల్‌ని కాసేపు ఖాళీగా తిప్పడం లేదా నాయనా? రాత్రంతా చల్లబడి ఉంటుంది కదా" అన్నారు. స్పిండిల్ అంటే వీల్‌ను తిప్పే ఇరుసు. దాన్ని ముందు ఖాళీగా తిప్పాలన్న మాట పద్నాలుగు పేజీల్లో ఎక్కడా లేదు. ఎందుకు రాయలేదని అడిగితే, "అది కూడా రాయాలా? మెషిన్ వేసినవాడు ఎవడైనా చేసేదే కదా" అని ఆశ్చర్యపోయారు.

ఆ ఆశ్చర్యంలో అబద్ధం లేదు. ఉక్కు ఒక్కో డిగ్రీ సెల్సియస్ వేడికి మీటరుకు సుమారు 11.5 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) సాగుతుంది; అంటే 100 మిల్లీమీటర్ల కొలత దగ్గర ఐదు డిగ్రీల తేడా వస్తే దాదాపు 6 మైక్రాన్లు మారుతుంది. మా షాఫ్టుకు ఉన్న మొత్తం టాలరెన్సే, అంటే సైజులో ఒప్పుకునే తేడాయే, 10 మైక్రాన్లు. ఈ లెక్క పెద్దాయనకు కాగితం మీద తెలియకపోవచ్చు గానీ, చేతికి తెలుసు. చేతికి తెలిసింది కలానికి అందలేదు. తప్పు ఆయనది కాదు, తెలిసినవాణ్ణే రాయమని వదిలేసిన మాది. ఆ తర్వాత పన్నెండేళ్ళలో పీణ్యలోనూ, వైట్‌ఫీల్డ్‌లోని సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లోనూ ఇటువంటి అప్పగింతలు చాలా చూశాను, కొన్ని దగ్గరుండి నడిపాను. అక్కడ పనికొచ్చిన పద్ధతిని, మీ సంస్థలో మీరు అమలు చేసుకోగలిగేలా వరుసగా చెబుతాను.

ఎవరి ఫోన్ మోగుతోందో చూడండి

మొదటి పని జాబితా. మీ సంస్థలో ఏ పని ఒక్క మనిషి తలలోనే ఉందో కనుక్కోవడానికి పెద్ద సర్వే అక్కరలేదు. సంక్రాంతికి ఊరికి బయలుదేరినవాళ్ళలో ఎవరికి బస్సు హోసూరు రోడ్డు దాటకముందే ఆఫీసు నుంచి ఫోన్లు మొదలవుతాయో గుర్తు చేసుకోండి. గత ఏడాది సెలవుల్లో ఎవరిని ఎన్నిసార్లు, దేనికోసం కదిపారో వాళ్ళనే అడిగి రాసుకోండి. జాబితాలో సగం అక్కడే తేలిపోతుంది.

ఆ తర్వాత ఒక కాగితం మీద అడ్డంగా మనుషుల పేర్లు, నిలువుగా పనులు రాసి, ప్రతి గడిలో ఒక సున్నా చుట్టండి. ఆ పనిని పక్కన నిలబడి చూసినవాడికి సున్నాలో పావు భాగం నింపాలి; తోడుంటే చేయగలిగినవాడికి సగం, ఒంటరిగా చేయగలిగినవాడికి ముప్పావు, మరొకరికి నేర్పగలిగినవాడికి మొత్తం. కార్ఖానాల్లో పనిచేసినవారికి ఈ చార్టు కొత్తది కాదు, గోడ మీద వేలాడుతూనే ఉంటుంది. కాకపోతే చాలా చోట్ల దానిని ఆడిట్‌కు ముందు రోజు సాయంత్రం సూపర్‌వైజర్ ఒక్కడే కూర్చుని నింపుతాడు. మీరు మాత్రం ఆ పని చేసేవాళ్ళను పక్కన పెట్టుకుని నింపండి, ఎందుకంటే "ఇతనికి వచ్చు" అని సూపర్‌వైజర్ నింపిన చోట "ఒక్కసారి చూశాను సార్, అంతే" అనే జవాబు మీరనుకున్నదానికంటే ఎక్కువసార్లు వినిపిస్తుంది.

ముప్పావు గానీ, అంతకు మించి గానీ నిండిన సున్నా ఒక్కటే ఉన్న వరుసలు మీకు కావలసినవి. వాటిలోంచి, ఆగితే నష్టం పెద్దది, మనిషి వెళ్ళే రోజు దగ్గరది అయిన మూడు నాలుగు పనులను మాత్రమే ఈ ఏడాదికి ఎంచుకోండి. అన్నీ ఒకేసారి ఎత్తుకున్న సంస్థలో ఏదీ పూర్తయినట్లు నేను చూడలేదు. మీ యాజమాన్యం ఇదంతా దేనికని అడిగితే, ఐఎస్‌ఓ 9001 ప్రమాణపు 2015 కూర్పులో 7.1.6 అనే అంశం సంస్థ తన పనికి అవసరమైన జ్ఞానాన్ని గుర్తించి, నిలుపుకొని, అవసరమైన మేరకు అందుబాటులో ఉంచాలని అడుగుతుందని చూపండి. సర్టిఫికెట్ మాట ఎత్తితే సమయం దొరుకుతుంది.

రాతకు లొంగేదాన్నీ లొంగనిదాన్నీ వేరు చేయండి

ఎంచుకున్న ఒక్కో పనినీ మూడు కుప్పలుగా విడదీయండి. వెండర్ల నంబర్లు, డ్రాయింగ్ నంబర్లు, ఏ సర్వర్ ఎవరి పేరున ఉంది, లైసెన్సు ఎప్పుడు ముగుస్తుంది వంటివి మొదటి కుప్ప. వీటిని ఒక పూటలో కాపీ చేసుకోవచ్చు. ఏది ముందు ఏది వెనుక అన్న వరుస రెండో కుప్ప. ఎప్పుడు ఆపాలి, ఎప్పుడు నమ్మకూడదు, ఏ శబ్దం మంచిది, ఏ కస్టమర్ "తొందరేం లేదు" అంటే నిజంగా తొందర ఉన్నట్టు అన్న తెలివిడి మూడోది. ఆఫీసుల్లో కేటీ (నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్, అంటే తెలిసింది అప్పగించడం) పేరుతో జరిగే సమావేశాల్లో ఎక్కువ భాగం సమయం మొదటి కుప్ప మీదే కరిగిపోతుంది, ఎందుకంటే స్క్రీన్ మీద చూపించడానికి అదే తేలిక.

మనిషికి తెలిసింది అతను మాటల్లో చెప్పగలిగినదానికంటే ఎక్కువని మైకేల్ పొలానీ అనే తత్వవేత్త 1960లలోనే వాదించాడు. దీనికి అందరూ చెప్పుకునే ఉదాహరణ జపాన్‌లో ఉంది. 1985లో ఒసాకాలోని మత్సుషిత కంపెనీవారు ఇంట్లో రొట్టె చేసే యంత్రం తయారు చేస్తుంటే, పైన మాడి లోపల పచ్చిగా మిగిలిపోతూ వచ్చింది. పిండిని ఎక్స్‌రేలు తీసి చూసినా కారణం దొరకలేదు. అప్పుడు ఇకుకో తనాకా అనే సాఫ్ట్‌వేర్ డెవలపర్ ఒసాకా ఇంటర్నేషనల్ హోటల్‌లో రొట్టెలు చేసే ప్రధాన వంటవాడి దగ్గర పనికి కుదిరి, ఆయన పిండిని సాగదీస్తూనే ఒక రకంగా మెలిపెడుతున్నాడని పట్టుకుంది. ఆ మెలిక ఆయన ఎవరికీ చెప్పలేదు. దాచిపెట్టి కాదు, అది చెప్పాల్సిన విషయమని ఆయనకు తోచక కావచ్చు. మన ఇళ్ళలో ఆవకాయ కలిపేవాళ్ళను కొలత అడిగి చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు.

కాబట్టి మొదటి కుప్పను ఒక పట్టికలో రాయించి పక్కన పెట్టండి, రెండోదానికి ఒక పేజీ చాలు, మీ సమయంలో ముప్పావు భాగం మూడోదానికి కేటాయించండి.

"అంతా చెప్పండి" అని అడగకండి

అలా అడిగితే ఎవరికైనా నోరు పెగలదు, లేదా సిలబస్ అప్పజెప్పినట్లు చెబుతారు. 1990లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ న్యూటన్ ఒక చిన్న ప్రయోగం చేసింది: కొందరు అందరికీ తెలిసిన పాటలను బల్ల మీద వేళ్ళతో దరువు వేయాలి, ఎదుటివారు పాట ఏదో చెప్పాలి. వేసినవారు సగం పాటలనైనా గుర్తుపడతారనుకున్నారు. 120 పాటల్లో గుర్తుపట్టినవి 3 మాత్రమే. దరువు వేసేవాడి చెవుల్లో పాట మోగుతూ ఉంటుంది, వినేవాడికి టకటకలు తప్ప ఏమీ అందవు. అనుభవజ్ఞుడు మీకు పని వివరిస్తున్నప్పుడు జరిగేది సరిగ్గా ఇదే.

అందువల్ల పనిని గురించి కాక, జరిగిన సంఘటనలను గురించి అడగాలి. ఈ పని చివరిసారి ఎప్పుడు చెడింది, ఆ రోజు మొట్టమొదట మీ కన్ను దేని మీద పడింది, ఏది చూసి ఇది మామూలుది కాదనుకున్నారు, అప్పుడు ఇంకేం చేయవచ్చని తోచి వద్దనుకున్నారు, మీ చోట కొత్తవాడుంటే ఎక్కడ పప్పులో కాలేసేవాడు, మాన్యువల్‌లో ఉన్నా మీరు పట్టించుకోనిది ఏమిటి — ఈ ఆరు ప్రశ్నలు నా జేబు పుస్తకంలో ఇప్పటికీ ఉంటాయి. చివరిది అడగడానికి మొహమాటపడతారు, కానీ బంగారం దొరికేది అక్కడే. ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో రాత్రిపూట కంప్యూటర్లో దానంతటదే నడిచే ఒక పని, అంటే జాబ్, గురించి ఆ ప్రశ్న అడిగితే, ఆ పని చూసే అమ్మాయి కాసేపు ఆలోచించి ఇలా చెప్పింది: జాబ్ ఆగిపోతే లాక్ ఫైల్ (జాబ్ నడుస్తున్నదని చూపే గుర్తు) తీసేసి మళ్ళీ నడపమని రన్‌బుక్‌లో (ఏ ఇబ్బందికి ఏం చేయాలో రాసిన డాక్యుమెంట్‌లో) ఉంది, కానీ నెలాఖరు రోజున అలా చేయకూడదు, ముందు ఫైనాన్స్‌వాళ్ళు ఎంట్రీలు మూసేశారో లేదో కనుక్కోవాలి, లేకపోతే కొన్ని బిల్లులు రెండుసార్లు పడతాయి. ఈ సంగతి ఆమెకు రెండేళ్ళుగా తెలుసు. రన్‌బుక్‌ను మార్చే అనుమతి మాత్రం ఆమెకు లేదు.

ఇంకో కిటుకు. మీ దగ్గర ఇప్పటికే ఉన్న డాక్యుమెంట్లు తీసి, "తగినంత", "అవసరాన్ని బట్టి", "సరిచూసుకుని", "జాగ్రత్తగా" అన్న మాటలు ఎక్కడ కనిపిస్తే అక్కడ ఎర్ర సిరాతో గీత గీయండి. తెలిసినవాడికి తెలిసినదంతా ఆ మాటల కిందే దాక్కుని ఉంటుంది. ఉప్పు తగినంత అని రాసినవారికి ఎంతో తెలుసు, చదివినవారికి తెలియదు. ప్రతి గీత దగ్గరా ఆగి, ఎంత, ఎలా తెలుస్తుంది, ఎక్కువైతే ఏమవుతుంది అని మూడు ప్రశ్నలు వేయండి. మా పద్నాలుగు పేజీల ఫైల్లో ఇటువంటి గీతలు ముప్పై ఒకటి వచ్చాయి.

రాయాల్సింది నేర్చుకునేవాడు

ఈ వ్యాసంలో మిగతాదంతా మరిచిపోయినా ఈ ఒక్కదాన్ని పాటించండి. డాక్యుమెంట్ రాసే బాధ్యత వెళ్ళేవారి మీద పెట్టకండి, పనిని అందుకునేవారి మీద పెట్టండి. వెళ్ళేవారికి ఏది చెప్పాలో తెలియదు. వచ్చినవాడికి ఏది అర్థం కాలేదో తెలుస్తుంది. అతను చూస్తూ, చేస్తూ రాసుకున్నదాన్ని సాయంత్రం తెలిసినవారికి చదివి వినిపించాలి. వారు విని సరిదిద్దాలి. దీన్ని సాఫ్ట్‌వేర్‌వాళ్ళు రివర్స్ కేటీ అంటారు. వారు "అది సరే గానీ..." అని మొదలుపెట్టిన ప్రతిసారీ రాతలో లేని ఒక సంగతి బయటికి వస్తున్నదని అర్థం.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1940 నుంచి 1945 వరకు, అమెరికా కార్ఖానాల్లో అనుభవం లేని వేలమందిని త్వరగా పనిలో పెట్టడానికి ట్రెయినింగ్ వితిన్ ఇండస్ట్రీ అనే కార్యక్రమం నడిచింది. అందులో నేర్పడానికి నాలుగు మెట్లే ఉన్నాయి: నేర్చుకునేవాణ్ణి సిద్ధం చేయడం, పని చేసి చూపించడం, అతని చేత చేయించి చూడడం, ఆ తర్వాత కూడా వెనకాల ఉండి గమనించడం. యుద్ధం ముగిశాక ఈ పద్ధతి జపాన్‌కు వెళ్ళి, టయోటా వంటి చోట్ల వేళ్ళూనుకుంది. మూడో మెట్టులో ఒక నియమం ఉంది, మన వాళ్ళు సాధారణంగా దాన్ని దాటేస్తారు: నేర్చుకునేవాడు చేతులతో చేస్తూనే, ఏం చేస్తున్నాడో, ఎందుకు చేస్తున్నాడో నోటితో కూడా చెప్పాలి. చేయి సరిగా నడిచి మాట తడబడితే అతను అనుకరిస్తున్నాడే తప్ప నేర్చుకోలేదు.

రాసే కాగితం ఒక్క పేజీకి మించకూడదు. మూడు నిలువు గడులు చాలు: పని, కిటుకు, కారణం. పెద్దాయనను మళ్ళీ రెండు రోజులు పిలిపించి, కొత్త కుర్రాడి చేత మేము రాయించిన షీటులోంచి మూడు వరుసలు ఇక్కడ ఇస్తున్నాను.

పని: స్పిండిల్‌ను ఖాళీగా తిప్పాలి. కిటుకు: నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అరగంట, మిగతా నెలల్లో పావుగంట, కూలెంట్ (చల్లబరిచే ద్రవం) కూడా నడుస్తూ ఉండాలి. కారణం: మెషిన్ వేడెక్కేదాకా సైజు జరుగుతూ ఉంటుంది.

పని: వీల్ డ్రెస్ చేయాలి (వజ్రంతో వీల్ ముఖాన్ని సమంగా చెక్కాలి). కిటుకు: వజ్రం ఒక్కో పాస్‌కు 20 మైక్రాన్లకు మించి దిగకూడదు, శబ్దం మొదట తెగి తెగి వస్తుంది, ఒకే తీరుగా వచ్చాక ఆపాలి. కారణం: తెగుతున్నంతసేపూ వీల్ ముఖం ఇంకా సమం కాలేదు.

పని: మొదటి ముక్క కొలవాలి. కిటుకు: తుడిచి, సర్ఫేస్ ప్లేట్ (కొలవడానికి వాడే చదునైన బల్ల) మీద పది నిమిషాలు వదిలి కొలవాలి. కారణం: వేడి మీద కొలిస్తే పెద్దగా చూపించి, చల్లారాక చిన్నదవుతుంది, కొలతలకు ప్రమాణంగా పెట్టుకున్న ఉష్ణోగ్రత 20 డిగ్రీలు.

మూడో గడిని దయచేసి ఖాళీగా వదలకండి. కారణం తెలియని జాగ్రత్తను తర్వాత వచ్చినవాడెవడో దండగని తీసేస్తాడు. దీనికి విపరీతమైన ఉదాహరణ ఒకటి ఉంది. అమెరికా అణ్వాయుధాల్లో వాడే ఫాగ్‌బ్యాంక్ అనే రహస్య పదార్థాన్ని 2000ల దశకంలో మళ్ళీ తయారు చేయాల్సి వచ్చినప్పుడు, పాత రికార్డులు కొద్దిగానే ఉన్నాయి, ఆ పని చేసినవారు దాదాపు అందరూ రిటైరయ్యో మానేసో వెళ్ళిపోయారు. కోట్ల డాలర్లు పోసి కొత్త కేంద్రం కట్టినా పదార్థం సరిగా రాలేదు. చివరికి తేలిందేమిటంటే, పాత పద్ధతిలో ముడిసరుకు వెంట ఒక మలినం లోపలికి పోయేది, పదార్థం పనిచేయడానికి అదే కీలకం. కొత్త శుద్ధి పద్ధతి దాన్ని చక్కగా కడిగేసింది. ఆ మలినం అవసరమన్న సంగతి మొదట చేసినవారికే తెలియదు. కనుక కారణం నిజంగా తెలియని చోట, "కారణం తెలియదు, ఇలాగే చేస్తూ వచ్చాం, మార్చేముందు పరీక్షించండి" అని రాయించండి. అదీ ఒక జ్ఞానమే.

వీడియోల మాట కూడా ఇక్కడే చెప్పాలి. కేటీ సమావేశాలన్నీ రికార్డు చేసి, నలభై గంటల వీడియోను ఒక ఫోల్డర్‌లో పడేసి పని అయిందనుకోవడం మారతహళ్లి నుంచి ఎలక్ట్రానిక్ సిటీ దాకా ఉన్న అలవాటు. దాన్ని ఎవరూ చూడరు. ఐదు నిమిషాలకు మించని ముక్కలుగా కోసి, ముక్కకు తేదీ కాకుండా ఇబ్బంది పేరు పెట్టండి: "బిల్లు రెండుసార్లు పడితే", "వీల్ మీద నల్లమచ్చలు వస్తే". వెతికేవాడు ఇబ్బందిలో ఉండి వెతుకుతాడు గానీ మార్చి 14న ఏం జరిగిందని వెతకడు.

నోటీసు కాలాన్ని ఎలా పంచుకోవాలి

బెంగళూరు సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో 60 లేదా 90 రోజుల నోటీసు మామూలు. అందులో మొదటి నెల వెళ్ళవద్దని బతిమాలడంతోను, చివరి వారం లాప్‌టాప్ అప్పగింతలతోను గడిచిపోతుంది. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లు ఆఖరి నాలుగు రోజుల్లో కేటీ క్యాలెండర్ నింపుతారు. మీరు 90 రోజులు ఉన్నాయనుకుని ఇలా పంచండి. పది రోజుల్లోగా పనుల జాబితా, నేర్చుకునే ఇద్దరి పేర్లు ఖాయం కావాలి. ఇద్దరు ఎందుకంటే, ఈ ఊళ్ళో మీరు నేర్పిన ఒక్కడు ఆర్నెల్లలో ఇంకో ఆఫర్ తెచ్చుకోడని ఎవరు చెప్పగలరు? 35వ రోజు దాకా వాళ్ళు పక్కన ఉండి చూస్తూ రాసుకోవాలి. ఆ తర్వాత 65వ రోజు దాకా పని వాళ్ళది, తెలిసినవారు వెనక కుర్చీలో కూర్చుని చూడాలి. ఆ నెల రోజులు మౌస్ గానీ, మెషిన్ హ్యాండిల్ గానీ తెలిసినవారు ముట్టుకోకూడదు. ఇది వారికి చాలా కష్టమైన నియమమని ముందే చెప్పి ఒప్పించండి. 80వ రోజు దాకా తెలిసినవారు వేరే అంతస్తులో కూర్చుని రోజుకు ఒక్కసారి, సాయంత్రం, ప్రశ్నలకు జవాబులివ్వాలి. మిగిలిన రోజుల్లో అరుదుగా వచ్చే ఇబ్బందులను కావాలని సృష్టించి చేయించండి: టెస్ట్ సర్వర్‌లో జాబ్ ఆపేయండి, మెషిన్ మీద అరిగిన వీల్ పెట్టి ఇవ్వండి.

రిటైర్మెంట్ విషయంలో మాత్రం సమయం లేదన్న సాకు చెల్లదు. ఆ తేదీ మనిషి చేరిన రోజే రిజిస్టరులో రాసి ఉంటుంది. కనీసం ఏడాది ముందు మొదలుపెట్టండి. కొన్ని ఇబ్బందులు ఏడాదికోసారే వస్తాయి, మా చలికాలంలాగా.

ఎందుకు చెప్పరో తెలుసుకోండి

తెలిసినవారు చెప్పడం లేదంటే స్వార్థమని తేల్చేయడం తొందరపాటు. ముందు వారి జీతం స్లిప్పు చూడండి. తీసిన ముక్కల లెక్కన ఇన్సెంటివ్ వచ్చే చోట, రోజుకు రెండు గంటలు కుర్రాడికి నేర్పితే ఆ నెల తగ్గేది ఆయన డబ్బే. నేర్పే గంటలను ఉత్పత్తి గంటలుగా లెక్కకట్టి, టార్గెట్ ఆ మేరకు తగ్గించి, ఆ సంగతి కాగితం మీద ఇచ్చాక అడగండి. సాఫ్ట్‌వేర్‌లో అయితే మేనేజరు ఆ మనిషి టికెట్లు (అప్పగించిన రోజువారీ పనులు) తగ్గించకుండా "వీలు చూసుకుని కేటీ ఇవ్వండి" అంటాడు. వీలు ఎప్పటికీ రాదు. చెప్పేస్తే తన అవసరం తీరిపోతుందన్న భయం కూడా నిజమైనదే, ప్రత్యేకించి కాంట్రాక్టు మీద ఉన్నవారికి. నేర్పిన తర్వాత ఆ మనిషి స్థానం ఏమిటో యాజమాన్యం మీకు స్పష్టంగా చెప్పకపోతే, ఆయనను ఒత్తిడి చేసే హక్కు మీకు లేదని నా అభిప్రాయం.

భాష సంగతి ఇంకా సున్నితం. పీణ్యలో ఒకే షెడ్డులో కన్నడ, తెలుగు, తమిళం, హిందీ, ఒడియా వినిపిస్తాయి. షీట్లు మాత్రం ఇంగ్లీషులో ఉంటాయి. పెద్దాయనను పద్నాలుగు పేజీలు ఇంగ్లీషులో రాయమన్నప్పుడే మేము సగం పోగొట్టుకున్నాం. రాయడం వచ్చిన మాటలు మాత్రమే రాశారు, చెప్పాలనుకున్నవి కాదు. రెండోసారి పిలిచినప్పుడు కన్నడం కలిసిన సీమ తెలుగులో ఆయన ఇష్టం వచ్చినట్లు మాట్లాడమని, ఫోన్‌లో రికార్డు చేసుకున్నాం. ఆయన కన్నడం అర్థమైన కుర్రాడు దాన్ని తనకు వచ్చిన భాషలో రాసుకున్నాడు, అంకెలు, ఫొటోలు చేర్చాం, గోడ మీద కన్నడ, ఇంగ్లీషు రెండింటిలో అంటించాం. వివరించేవారి భాషలో విని, మెషిన్ దగ్గర నిలబడేవారి భాషలో రాయడం నియమంగా పెట్టుకోండి. వారిని పిలిచే పద్ధతి కూడా చూసుకోండి. "అన్నా, కాస్త చూపించండి" అని కుర్రాడు వెళ్ళి అడిగితే వచ్చినంత, హెచ్‌ఆర్ మెయిల్‌కు రాదు.

షీటును చావనివ్వకండి

రాసిన కాగితం ఆర్నెల్లకు పాతబడుతుంది. ప్రతి షీటు అడుగున దాని బాధ్యత ఎవరిదో ఒక పేరు, చివరిగా సరిచూసిన తేదీ ఉండాలి. విభాగం పేరు రాస్తే ఎవరూ పట్టించుకోరు. షీటు ఉండాల్సిన చోటు పని జరిగే చోటు: మెషిన్ పక్కన, లేదా అలర్ట్ మెయిల్‌లోనే లింకుగా.

ఏదైనా చెడినప్పుడు, చల్లారకముందే, సంబంధించినవాళ్ళు ఇరవై నిమిషాలు నిలబడి మాట్లాడుకోవాలి. అమెరికా సైన్యం 1970లలో అలవాటు చేసుకున్న పద్ధతి ఇక్కడ బాగా పనికొస్తుంది: ఏం జరగాలనుకున్నాం, ఏం జరిగింది, తేడా ఎందుకు వచ్చింది, ఈసారి ఏది ఉంచుకుని ఏది మార్చాలి. ఎవరి తప్పు అన్న ఐదో ప్రశ్న వచ్చిన క్షణం అందరూ నోళ్ళు కట్టుకుంటారు కాబట్టి, దాన్ని రానివ్వకుండా చూడడమే ఆ సమావేశం నడిపేవారి పని. ఆ మాటల్లోంచి షీటులో ఒక్క వరుసైనా మారకపోతే అది కాలక్షేపం కింద లెక్క.

ఊరూరా తిరిగి కాపీ మెషిన్లు బాగుచేసే జిరాక్స్ టెక్నీషియన్లను 1980లలో జూలియన్ ఆర్ అనే మానవశాస్త్రవేత్త వెంట తిరిగి గమనించాడు. మాన్యువల్‌కు అందని ఇబ్బందులను వాళ్ళు భోజనాల దగ్గర ఒకరికొకరు కథలుగా చెప్పుకుని తీర్చుకుంటున్నారని తేలింది. తర్వాతి దశకంలో ఆ కంపెనీ యురేకా అనే చిట్కాల కోశాన్ని పెట్టింది; టెక్నీషియన్లు పంపిన చిట్కాను తోటివారు సరిచూసేవారు, చిట్కా కింద పంపినవారి పేరు ఉండేది. మా షీటు మీద కూడా స్పిండిల్ వరుస పక్కన పెద్దాయన పేరు రాశాం. మీ దగ్గర క్యాంటీన్ బల్లలను, టీ బండి దగ్గరి పది నిమిషాలను సమయం వృథా అనుకునే మేనేజర్లుంటే, ఈ సంగతి వారి చెవిన వేయండి.

వెళ్ళిన తర్వాత వచ్చే ఫోన్లు

అప్పగింత పూర్తయిందో లేదో సంతకాల వల్ల తెలియదు. చివరి రోజుకు మూడు వారాల ముందు తెలిసినవారిని ఐదు రోజులు సెలవు మీద పంపించి, ఫోన్ చేయకూడదని షరతు పెట్టండి. ఆ ఐదు రోజుల్లో ఎక్కడ చేతులెత్తేస్తే అది ఇంకా బదిలీ కాలేదు. సరిదిద్దడానికి రెండు వారాలు మిగిలే ఉంటాయి.

రిలీవింగ్ లెటర్ ఇచ్చాక కూడా సందేహాలు వస్తాయి. మొదటి రెండు నెలలు వారానికి ఒక కాల్, అరగంటకు మించకుండా, ముందే కుదుర్చుకోండి. రిటైరైనవారికైతే ఆ అరగంటకు గౌరవంగా రుసుము ఇవ్వండి, ఊరికే వాడుకోకండి. కొత్త కంపెనీలో చేరినవారిని ఆ కంపెనీ సంగతులు అడగకూడదు, మీ పాత పని సంగతులకూ వారి పనిగంటల్లో ఫోన్ చేయకూడదు. కాల్ చేసేది నేర్చుకున్నవాడే అయి ఉండాలి, మేనేజరు కాదు.

ఆ కాల్స్‌కు ఒక నోట్‌బుక్ పెట్టండి. తేదీ, అడిగిన ప్రశ్న, వచ్చిన జవాబు, అది షీటులో ఏ వరుసలో ఎక్కించారు — నాలుగు గడులు. పెద్దాయనకు మేము చేసిన కాల్స్ మొదటి నెలలో ఏడు, రెండో నెలలో మూడు. చివరిది మేలో వచ్చింది: ఎండలు ముదిరాక మధ్యాహ్నం షిఫ్టులో సైజు మళ్ళీ కొంచెం జరుగుతోందని కుర్రాడు అడిగితే, ఆ గ్రైండర్‌కు పడమటి కిటికీ ఎండ రెండున్నర తర్వాత నేరుగా తగులుతుందని, తాను ఎప్పుడూ ఒక గోనెపట్టా కట్టేవాణ్ణని చెప్పారు. పట్టా కట్టడానికి కొట్టిన మేకులు గోడకు అలాగే ఉన్నాయి. ఆ సాయంత్రమే కుర్రాడు షీటులో నాలుగో వరుస రాశాడు.